బీరువా మీదికెక్కిన జాయ్‌స్టిక్

సంపాదకుల వారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం పేజీలో పిల్లలూ ఆన్‌లైన్ ఆటలూ అంటూ పెద్ద వ్యాసం వచ్చింది. డబ్బులు పెట్టి ఆడే పేకాట దగ్గర్నుంచి ఫోన్లో కాల్చుకునే ఆటల దాకా అన్నీ చెప్పుకొచ్చి, చివర్లో 'యుద్ధ విమానాల ఆటలు' అని ఇంకో ముక్క కూడా కలిపేశారు. ఆ ఒక్క ముక్క చదివి మా బావ, అంటే మా చెల్లెలి భర్త, ఆ రోజు సాయంత్రమే మా మేనల్లుడి జాయ్‌స్టిక్, అంటే కంప్యూటర్లో విమానం నడపడానికి పట్టుకునే కర్ర, తీసేసి బీరువా మీద సూట్‌కేసుల వెనకాల పెట్టేశాడు. వాడు ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. గొడవ చెయ్యలేదు, ఏడవలేదు, అన్నం తినేసి పడుకున్నాడట. మర్నాడు మా ఇంటికొచ్చి "మావయ్యా, నువ్వయినా నాన్నకి చెప్పవేటి" అన్నాడు. బావకి చెప్పాను. "పేపర్లోనే రాశారు కదా" అన్నాడు. అందుకని ఇప్పుడు పేపరుకే రాస్తున్నాను.

వ్యాసం రాసినవాళ్ల మీద నాకు కోపం లేదు. బెట్టింగుల్లో పడి ఇళ్లు గుల్ల చేసుకున్నవాళ్లని మా వీధిలోనే చూశాను, వాళ్ల గురించి రాయాల్సిందే, ఇంకా గట్టిగా రాయాలి. కానీ అన్నిట్నీ ఒకే గాటన కట్టేశారు, నా బాధ అదొక్కటే. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కూడా డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించింది గాని మిగతా వాటిని వేరుగానే చూసింది. చట్టం చూపించిన ఆ తేడా పత్రిక కూడా చూపించాలి.

నేనెవరో చెప్తాను. మాది ఉద్దానం, ఇప్పుడు విజయనగరంలో స్థిరపడ్డాం. నేవీలో పదిహేనేళ్లు చేశాను, అందులో ఎక్కువ కాలం విశాఖలో ఐఎన్ఎస్ డేగ అనే నేవీ విమాన స్థావరంలో, చేతక్ హెలికాప్టర్ల దగ్గర టెక్నీషియన్‌గా. డేగ అంటే మన తెలుగు డేగే, ఆ పేరు తలుచుకుంటే ఇప్పటికీ నాకు గర్వంగా ఉంటుంది. పొద్దున్నే హెలికాప్టర్ పైన తిరిగే రోటర్ రెక్కలకి కట్టిన తాళ్లు విప్పడం, ఆయిల్ చూడటం, ఎక్కడైనా లీకు ఉందేమో తుడిచి చూడటం, చివర్న రిజిస్టర్లో సంతకం పెట్టడం, ఇదీ పని. పైలట్ గారొచ్చి నా సంతకం చూసినా సరే మళ్లీ తను ఒకసారి చుట్టూ తిరిగి చెయ్యేసి చూసుకునే ఎక్కేవారు. తలుపు మూసి బొటనవేలు పైకెత్తి చూపించింది ఎన్ని వందలసార్లో. ఆ సీట్లో కూర్చుని దాన్ని నేల మీంచి లేపింది మాత్రం ఒక్కసారీ లేదు, అది నా పని కాదు గనక. ఆ కోరిక అలాగే ఉండిపోయింది. రిటైరైన మూడేళ్లకి సిమ్యులేటర్లో, అంటే విమానాన్ని నిజంలాగే నడిపించే కంప్యూటర్ ప్రోగ్రాంలో, మొదటిసారి ఒక హెలికాప్టర్ని అడుగు ఎత్తు లేపి, పది సెకన్లు నిలబెట్టి, మళ్లీ దింపాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మేం వాడేది డీసీఎస్ వరల్డ్ అనే సిమ్యులేటర్. ప్రోగ్రాం ఉచితంగానే దొరుకుతుంది, దానితో పాటు రెండు విమానాలు కూడా ఇస్తారు, ఒకటి సుఖోయ్ 25టీ, రెండోది రెండో ప్రపంచయుద్ధ కాలం మస్టాంగ్‌లో ఆయుధాల్లేని శిక్షణ రకం. మా వాడు మొదలుపెట్టింది ఆ మస్టాంగ్ మీదే. దానికి తోక కింద చక్రం, ముందు పెద్ద ఇంజిను. ఇంజిను జోరు పెంచే థ్రాటిల్ తొయ్యగానే ముక్కు ఎడమకి లాగేస్తుంది, కుడి కాలితో పెడల్ తొక్కి పట్టుకోకపోతే రన్‌వే మీదే గిర్రున తిరిగిపోతుంది. మొదటి వారం రోజులూ వాడు గాల్లోకి లేవనే లేదు. వారం రోజులు నేల మీదే ఓడిపోతూ కూడా ఒక పదహారేళ్ల కుర్రాడు కుర్చీ వదల్లేదంటే, ఫోన్లో బొటనవేలితో తోసుకుపోయే ఆటలకీ దీనికీ పోలిక ఎక్కడ?

ఇందులో ఒక్కో విమానానికి, హెలికాప్టర్‌కి వందల పేజీల మాన్యువల్ ఉంటుంది. కాక్‌పిట్‌లో కనిపించే స్విచ్చుల్లో చాలా మటుకు నిజంగా పని చేస్తాయి. మీట నొక్కగానే ఎగిరిపోవడం ఉండదు. నాకు బాగా చేతికొచ్చింది రష్యా వాళ్ల మీ-8 హెలికాప్టర్, మన ఎయిర్‌ఫోర్స్ వరదల్లో, కొండల్లో తిప్పే మీ-17 దీని కుటుంబమే. పూర్తి బరువుతో 13 టన్నులు తూగే మిషను. దాన్ని స్టార్ట్ చెయ్యాలంటే ముందు బ్యాటరీలు, తర్వాత ఇంధనం పంపులు, తర్వాత చిన్న సహాయక ఇంజిను, అది కుదురుకున్నాక దాని గాలితో ఒక పెద్ద ఇంజిను, అది నిలబడ్డాక రెండోది, రోటర్ పూర్తి వేగం అందుకున్నాక జనరేటర్లు. కాక్‌పిట్‌లో రెండు చిన్న ఫ్యాన్లు కూడా ఉంటాయి, అవీ తిరుగుతాయి. మా వాడు ఒకరోజు అన్నీ వరసగా చేశాడు గాని ఇంధనం వదిలే లీవరు ఎత్తడం మర్చిపోయాడు. ఇంజిను తిరుగుతోంది, అంటుకోవడం లేదు. మళ్లీ మొదటికొచ్చాడు, మళ్లీ అదే తప్పు. నేను పక్కనే కూర్చున్నాను, నోరు మెదపలేదు. మూడోసారి వాడే చేతులు ఒళ్లో పెట్టుకుని, చెక్‌లిస్ట్ మొదటి లైను నుంచి పైకి చదువుతూ, ఒక్కొక్క స్విచ్ మీదా వేలు పెట్టి చూసుకుంటూ వచ్చి, లీవరు దగ్గర ఆగి, "ఓర్నాయనో" అన్నాడు. మా హ్యాంగర్లో కొత్తగా చేరిన కుర్రాళ్లకి ఆ అలవాటు చెయ్యడానికి నెలలు పట్టేది. చదివి, వేలు పెట్టి, చూసి, అప్పుడు ముందుకెళ్లడం. ఆ వేలు పెట్టడం అనేది ఏ పాఠం చెప్పినా రాదు.

హోవరింగ్ గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం రాయడమే దండగ. హెలికాప్టర్ని గాల్లో ఒకేచోట నిలపడం చూడ్డానికి ఏమీ లేదన్నట్టే ఉంటుంది. ఎడమ చేతిలో కలెక్టివ్, అది ఎత్తితే పైకి లేస్తుంది. కుడి చేతిలో సైక్లిక్, అది ఎటు వంచితే అటు పోతుంది. కాళ్ల కింద పెడల్స్, ముక్కు ఎటు తిరగాలో అవి చూసుకుంటాయి. అయితే ఈ మూడూ వేటికవి విడిగా ఉండవు, కలెక్టివ్ కొంచెం ఎత్తితే ముక్కు తిరుగుతుంది, పెడల్ తొక్కితే ఎత్తు మారుతుంది, ఎత్తు సరిచేస్తే పక్కకి జారుతుంది, ఆ జారుడు ఆపబోతే మళ్లీ మొదటికొస్తుంది. కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఒకటే, జారిన తర్వాత సరిచెయ్యడం. జారబోతోందని నడుం కింద కుర్చీకి తెలిసినట్టు ముందే తెలియాలి అంటారు పైలట్లు. ఇంట్లో కుర్చీ కదలదు గనక ఆ తెలివి కళ్లతోనే తెచ్చుకోవాలి, దూరంగా ఉన్న చెట్టునో గోడనో పట్టుకుని చూస్తూ ఉండాలి గాని ముక్కు కిందికి చూడకూడదు. ఇది చెప్పాక మా వాడి హోవర్ అయిదు సెకన్ల నుంచి ఇరవైకి వచ్చింది.

ఇంకో రోజు వాడు అమెరికా వాళ్ల హ్యూయీ హెలికాప్టర్ మీద మొదటిసారి కూర్చుని, కలెక్టివ్ ఎత్తి, అలవాటు ప్రకారం కుడి పెడల్ తొక్కాడు. అది బొంగరంలా తిరిగిపోయింది. "ఏటి మావయ్యా ఇలగ తిరిగిపోతంది" అని గాభరా పడ్డాడు. మీ-8 రోటర్ పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతుంది, మా చేతక్ కూడా అంతే. హ్యూయీది దానికి ఎదురు. రోటర్ ఒకవైపు తిరిగితే ఒళ్లు రెండోవైపు తిరగాలని చూస్తుంది, అందుకని అందులో కుడి కాలు పని చేస్తే ఇందులో ఎడమ కాలు పని చెయ్యాలి. న్యూటన్ మూడో సూత్రం కాలేజీలో బట్టీ పట్టాడు, మార్కులూ వచ్చాయి. అది తన ఎడమ కాలికి సంబంధించిన విషయమని మాత్రం ఆ రోజే తెలిసింది.

వాణ్ణి బాగా ఏడిపించింది ఇంకొకటి. హెలికాప్టర్ ముందుకి వేగం లేకుండా గబగబా కిందికి దిగితే, తను కిందికి తోసిన గాలిలోకి తనే దిగిపోతుంది, రెక్కలకి పట్టు దొరకదు. మీ-8లో అలాంటప్పుడు సెకనుకి మూడు నాలుగు మీటర్లు మించి దిగకూడదు. పడిపోతోందని భయపడి కలెక్టివ్ ఎత్తితే ఇంకా తొందరగా పడుతుంది, బయటపడాలంటే ముక్కు వంచి ముందుకో, లేదంటే పక్కకో ఆ గాల్లోంచి తప్పించుకోవాలి. పడిపోయేటప్పుడు ముక్కు కిందికి వంచమంటే ఏ మనిషికైనా చెయ్యి రాదు. వాడు నాలుగుసార్లు నేలకి కొట్టేశాడు. అయిదోసారి చెయ్యి వణుకుతూనే స్టిక్ ముందుకి తోశాడు, మిషను ఒక్క ఊపు ఊగి గాలి పట్టుకుంది. వాడు నావైపు తిరిగి చూసిన చూపు మా బావ చూసి ఉంటే ఆ జాయ్‌స్టిక్ బీరువా మీదికి ఎక్కేది కాదని నా నమ్మకం.

యుద్ధం సంగతి దాచను. ఇది యుద్ధ విమానాల సిమ్యులేటరే, ఇందులో తుపాకులున్నాయి, రాకెట్లున్నాయి, మీ-24 అనే హెలికాప్టర్ పక్కన 30 మిల్లీమీటర్ల జంట గొట్టాల తుపాకీ ఉంటుంది. పిల్లలు వాటి కోసమే వస్తారు, ఒప్పుకుంటాను. అయితే తెర మీద పేల్చిందానికి పాయింట్లు వచ్చి పటాసుల మోత మోగే ఆటకీ, గంటన్నర సిద్ధమై బయల్దేరి, ఇంధనం లెక్క తప్పి, శత్రువు కనబడకుండానే తిరిగొచ్చి, చీకట్లో రన్‌వే వెతుక్కునే దీనికీ మనసు మీద పడే ముద్ర వేరు. మా వాడికి మిగ్-21 అంటే పిచ్చి. మన వాయుసేనలోకి 1963లో వచ్చి, 62 ఏళ్లు పని చేసి, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకున్న విమానం అది. సిమ్యులేటర్లో దాన్ని దింపాలంటే గంటకి 300 కిలోమీటర్లకి అటూ ఇటూగా రన్‌వే మీదికి రావాలి, కాస్త నెమ్మదిస్తే రాయిలా పడిపోతుంది, కాస్త ఎక్కువైతే రన్‌వే సరిపోదు. పది దింపుళ్లలో ఏడు పాడుచేశాక వాడు అడిగాడు, నిజంగా ఇలా పడిపోయినవాళ్లు ఎంతమంది మావయ్యా అని. 2012లో రక్షణ మంత్రిగా ఉన్న ఆంటోనీ గారు పార్లమెంటులో చెప్పిన లెక్క నాకు గుర్తుంది, నలభై ఏళ్లలో 482 మిగ్‌లు కూలాయి, 171 మంది పైలట్లు పోయారు. చెప్పాను. వాడు ఆ రోజుకి కంప్యూటర్ కట్టేశాడు. యూనిఫాం వేసుకున్నవాళ్లంటే వాడికి ఉన్న గౌరవం ఆ రోజు నుంచి వేరు.

ఇప్పుడు మన జిల్లాల సంగతి. శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు సైన్యంలో చేరడం కొత్త కాదు, మా ఊళ్లో ఇంటికొకడు ఉంటాడు. 1962 నుంచి కోరుకొండ సైనిక్ స్కూలు మన దగ్గరే ఉంది. పైలట్ కావాలనుకునే పిల్లలకి సెలక్షన్లో కంప్యూటర్ మీద ఒక పరీక్ష ఉంటుంది, స్టిక్కూ పెడల్సూ ఇచ్చి చెయ్యి కన్ను కాలు కలుస్తాయా లేదా చూస్తారు. అందులో ఒక్కసారి తప్పితే జీవితంలో మళ్లీ ఫ్లయింగ్ బ్రాంచికి దారి లేదు. సిమ్యులేటర్ నేర్చుకుంటే అది పాసైపోతారని నేను చెప్పను, అలా చెప్పి డబ్బులు గుంజే కోచింగులు పుట్టడం నాకు ఇష్టం లేదు కూడా. కానీ పాతపట్నం నుంచో సాలూరు నుంచో వెళ్లే పిల్లాడు, పిల్ల, పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి స్టిక్ పట్టుకునేది ఆ రోజే, ఆ గదిలోనే అయితే ఎలా? పెద్ద నగరాల పిల్లలకి ఇంట్లోనే ఉంటాయి. మన పిల్లలు విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142 విమానం లోపలికెళ్లి చూసొస్తారు, అది మంచిదే, కాని అక్కడ ఏదీ ముట్టుకోకూడదు. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు గారి పేరు పెట్టిన విమానాశ్రయం మన జిల్లాలోనే కట్టుకున్నాం, రేపు అందులో పని చెయ్యాల్సిన మెకానిక్కులు, కంట్రోలర్లు ఎవరి పిల్లలు కావాలి?

ఖర్చు తక్కువ కాదు, అదీ చెప్పాలి. వంద జీబీ పైన డిస్కు, మంచి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ఇది నడవదు, ఒక మాదిరి కంప్యూటర్ అయితే బొమ్మ ఆగి ఆగి వస్తుంది. సిమ్యులేటర్లో నడిపే హెలికాప్టర్లు కొనుక్కోవాలంటే ఒక్కోటీ వేలల్లో ఉంటుంది. కొనే ముందు చాలావాటిని పద్నాలుగు రోజులు ఊరికే నడిపి చూసుకోవచ్చు, మేం అలా చూసుకునే కొన్నాం. తల తిప్పితే కాక్‌పిట్ తిరగడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు, మామూలు వెబ్‌క్యామ్‌తో ఉచితంగా పని చేసే సాఫ్ట్‌వేర్ ఉంది. పెడల్స్ నేనే చెక్కతో చేశాను, సైకిల్ స్ప్రింగులు వేసి. అలా అని ప్రతి ఇంటికీ కొనండి అనను, ఊరికి ఒకటి ఉంటే చాలు అంటాను. ఈ మాటే పట్టుకుని కిందటేడు ఒక కార్యాలయానికి వెళ్లాను, పిల్లలు వచ్చే చోట ఒక గది మూల ఇవ్వండి, సామాను నేను పెడతాను అని. కాగితం తీసుకున్నారు. "గేములకి ఇక్కడ చోటు లేదు" అన్నారు. రెండోసారి వెళ్తే ఆ కాగితం కనబడలేదన్నారు.

వాళ్లకి చూపిద్దామని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని వెళ్లిన మిషన్, అంటే సిమ్యులేటర్లో పూర్తి చెయ్యాల్సిన పని, ఒకటుంది, దాని గురించి చెప్తాను. ఈ సిమ్యులేటర్లో మన మిషన్ మనమే తయారు చేసుకోవచ్చు. మన ప్రాంతం మ్యాపు ఇందులో లేదు, ఉచితంగా వచ్చేవాటిలో ఒకటి నల్లసముద్రం ఒడ్డున కాకసస్ ప్రాంతం. అక్కడ రియోనీ అనే నది కుటాయిసి మీదుగా వచ్చి సముద్రంలో కలుస్తుంది, దాన్ని చూస్తే నాకు నాగావళి గుర్తుకొస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి నేను ఉద్దానంలో మా ఇంట్లోనే ఉన్నాను. తెల్లారేసరికి మా నాన్న పాతిన కొబ్బరి చెట్లు ఒక్కటి నిలబడి లేదు, రోడ్డు ఎక్కడుందో తెలియలేదు, మా అమ్మ ఆకాశం కేసి చూస్తూ హెలికాప్టర్ ఏదైనా వస్తాదేమో అంది. ఆ మాట మనసులో పెట్టుకుని ఆ మిషన్ చేశాను. కుటాయిసిలో లేచి, వాన మబ్బు కింద, గాలి పక్కనుంచి కొడుతుంటే, నది పక్క ఊళ్లకి తాడుకి వేలాడదీసిన సరుకు చేర్చి రావాలి. ఒక్క తూటా పేలదు. సరుకు ఊగితే హెలికాప్టర్ ఊగుతుంది, తొందరపడితే తాడు వదిలెయ్యాల్సి వస్తుంది. మా వాడు ఇప్పటికి పదకొండుసార్లు ప్రయత్నించాడు, రెండు ఊళ్లకి చేర్చాడు, మూడో ఊరు మిగిలుంది. దాని మధ్యలోనే స్టిక్ బీరువా మీదికెళ్లింది.

పరీక్షలప్పుడు కట్టెయ్యమనండి, రాత్రి పది దాటాక వద్దనండి, వారానికి ఇన్ని గంటలే అని గోడ మీద రాసి పెట్టండి, నేనూ మా ఇంట్లో అదే చెప్తాను. చదువు పాడైతే నేనే తీసి దాచేస్తాను. కానీ మా బావ లాంటి తండ్రులు దాచే ముందు ఒక్క గంట పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని చూడాలి. మీ పత్రికలో 'యుద్ధ విమానాల ఆటలు' అని రాసినవారు కూడా వచ్చి చూడాలని నా మనవి. శనివారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా నేను ఇంట్లోనే ఉంటాను, కరెంటు ఉంటే చాలు.

ఇంకొక్క మాట. ఆ రోజు తీసుకోని సామాను ఇంకా నా దగ్గరే ఉంది. పాత కంప్యూటర్, ఒక స్టిక్, థ్రాటిల్, నేను చేసిన చెక్క పెడల్స్. రెండు జిల్లాల్లో ఏ గ్రంథాలయం గానీ, ఏ ప్రభుత్వ హైస్కూలు గానీ ఒక బల్ల, ఒక ప్లగ్గు ఇస్తామంటే ఊరికే ఇచ్చేస్తాను, నెలకి రెండు ఆదివారాలు వచ్చి నేర్పుతాను. ఆడపిల్లలు ముందు కూర్చోవాలి. నా చిరునామా మీ కార్యాలయంలో ఉంటుంది, అడిగినవారికి ఇవ్వగలరు.

ఇట్లు,
ఒక మాజీ నావికుడు,
కంటోన్మెంట్, విజయనగరం.